ఇంజిన్ బోల్టులు: దేనికి ఏం రాయాలి, దేనికి ఏమీ రాయకూడదు

నేను మొదటిసారి సొంతంగా చేసిన ఇంజిన్ పనిలో మూడో రోజుకే ఆయిల్లో కూలెంట్ కలిసింది. పిస్టన్లు, రింగులు, బేరింగులు అన్నీ కొత్తవే. హెడ్‌కి ఫేసింగ్ చేయించాను, గ్యాస్కెట్ కొత్తది వేశాను, టార్క్ రెంచ్‌తో (ఎంత బలంగా బిగిస్తున్నామో కొలిచే పానా) మాన్యువల్లో ఉన్న అంకెకే బిగించాను. ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అయింది. మూడో రోజు ఆయిల్ క్యాప్ తీస్తే దాని అడుగున తెల్లటి జిడ్డు నురగ పట్టి ఉంది.

గ్యాస్కెట్ పోయిందనుకున్నాను. టాపెట్ కవర్ విప్పి టార్చ్ వేసి చూశాక అసలు సంగతి తెలిసింది. రెండు హెడ్ బోల్టుల తలల చుట్టూ మాత్రమే తడి ఉంది, వేలితో తాకి చూస్తే కూలెంట్. ఆ రెండు బోల్టుల రంధ్రాలు బ్లాక్‌లో నేరుగా వాటర్ జాకెట్‌లోకి, అంటే కూలెంట్ తిరిగే ఖాళీలోకి తెరుచుకుంటాయి. సీలెంట్, అంటే కారకుండా సందు మూసే పేస్టు, రాయాల్సిన చోట నేను ఇంజిన్ ఆయిల్ రాశాను. కూలెంట్ ఆ థ్రెడ్డు వెంట చుట్టూ తిరుగుతూ పైకెక్కి, బోల్టు తల కింద నుంచి బయటికొచ్చి ఆయిల్లో పడింది.

అప్పటినుంచి ఏ ఇంజిన్ ముందు కూర్చున్నా ప్రతి బోల్టు గురించీ రెండు సంగతులు చూసుకుంటాను. దాని రంధ్రం ఎక్కడికి తెరుచుకుంటోంది? ఆ బోల్టు ఎంత పొడుగు? ఈ రెండూ తెలిస్తే ఏం రాయాలో, అసలు రాయాలో వద్దో దాదాపుగా తేలిపోతుంది. ఒకే సీసా పట్టుకుని అన్నిటికీ రాసుకుంటూ పోతే మాత్రం ఎక్కడో ఒకచోట దెబ్బ తగులుతుంది.

గట్టిగా బిగిస్తే చాలదా?

చాలదు. బోల్టు బిగిసినప్పుడు దాని థ్రెడ్డుకి ఒక వైపు వాలు మాత్రమే అవతలి థ్రెడ్డుని ఒత్తుకుంటుంది. రెండో వైపు సన్నటి సందు మిగిలిపోతుంది. అది కింది కొస నుంచి తల దాకా మెలికలు తిరిగిన మెట్ల దారిలా సాగుతుంది. రెంచ్ మీద ఎంత బలం పెట్టినా ఆ సందు మూసుకోదు. ప్రెషర్ మీద ఉన్న కూలెంట్‌కి, వేడెక్కి పలచబడ్డ ఆయిల్‌కి ఆ దారి చాలు.

ఇక పొడుగు సంగతి. బోల్టు నిజానికి గట్టి స్ప్రింగు లాంటిది. బిగిస్తే సాగుతుంది, సాగింది కాబట్టే పట్టుకుంటుంది. 8.8 గ్రేడు బోల్టుని సరైన టార్క్‌కి బిగిస్తే 100 మి.మీ. పొడుగుకి సుమారు 0.2 మి.మీ. సాగుతుంది. హెడ్ బోల్టు లాంటి పొడవాటి దాని కింద ఉపరితలాలు అణిగి 0.01 మి.మీ. పోయినా పట్టు ఇరవయ్యో వంతే తగ్గుతుంది. అదే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్ నుంచి పంపుకి ఆయిల్ అందించే పికప్ పైపుని పట్టి ఉంచే చిన్న బోల్టు చూడండి. అది బిగించే మందం 10 మి.మీ. అనుకుంటే, సాగేది మొత్తం 0.02 మి.మీ. అక్కడ అదే 0.01 పోతే సగం పట్టు పోయినట్టే. పెయింటు పొర మీద బిగించినా, కింద చిన్న నలుసు ఉన్నా ఆ మాత్రం పోతుంది. పొట్టి బోల్టులకి థ్రెడ్ లాకర్ (బోల్టు వదులవకుండా థ్రెడ్లకి రాసే జిగురు) కావాలనేది, పొడవాటి వాటికి సాధారణంగా అక్కర్లేదనేది ఇందుకే.

వైబ్రేషన్‌కి బోల్టు ఎలా లూజు అవుతుందో 1969లో గెర్హార్డ్ జుంకర్ అనే జర్మన్ ఇంజనీరు పరీక్షలు చేసి చూపించాడు. బోల్టుని పొడుగునా లాగి వదిలే బలం కన్నా, బిగించిన రెండు ముక్కలూ అడ్డంగా అటూ ఇటూ జరగడమే దాన్ని ఎక్కువగా విప్పుతుంది. ఒక్కో జరుగుడుకీ థ్రెడ్ల మధ్య పట్టు క్షణం సేపు సడలుతుంది, బోల్టు వెంట్రుకవాసి వెనక్కి తిరుగుతుంది. మనం చాలా ఏళ్ళుగా నమ్ముకున్న స్ప్రింగ్ వాషర్ ఆ పరీక్షలో పెద్దగా నిలబడలేదు. పూర్తిగా బిగిశాక అది చదునైపోయి మామూలు వాషర్‌గా మారుతుంది. కంపెనీ పెట్టిన చోట దాన్ని తీసేయమనను, కానీ దాన్నే నమ్ముకుని లాకర్ రాయడం మానకండి.

1. విప్పేటప్పుడే చదవండి

సగం పని ఇక్కడే ఉంది. ఒక అట్ట ముక్క మీద హెడ్ ఆకారం, ఇంకోదాని మీద టైమింగ్ కవర్ ఆకారం గీయండి. బోల్టులు ఉన్న చోట్ల రంధ్రాలు పొడిచి, ఏ బోల్టు విప్పితే దాన్ని దాని చోటనే గుచ్చండి. టైమింగ్ కవర్ బోల్టులు చూడటానికి ఒకేలా ఉంటాయి గానీ పొడుగుల్లో 5, 10 మి.మీ. తేడాలుంటాయి. పొడవాటిది పొట్టి రంధ్రంలోకి వెళ్తే అడుగు తన్ని ఆగుతుంది. టార్క్ రెంచ్ టక్కుమంటుంది, మీరు బిగిసిందనుకుంటారు, కవర్ మాత్రం వదులుగానే ఉంటుంది. ఇంకాస్త బలం పెడితే అల్యూమినియం కేసింగ్ పగులుతుంది.

విప్పిన బోల్టుని వెంటనే కడగకండి. ముందు కొస చూడండి. కొసన ఎర్రటి తుప్పో తెల్లటి గారో పట్టి ఉంటే అది నీళ్ళలోకి వెళ్ళిన బోల్టు. నల్లగా, తడిగా మెరుస్తుంటే ఆయిల్ ఉన్న చోటికి వెళ్ళింది. పొడిగా దుమ్ముదుమ్ముగా ఉంటే మూసిన రంధ్రం కావచ్చు. థ్రెడ్ల మధ్య నీలం, ఎరుపు రంగు పెళుసు పొడి కనిపిస్తే అక్కడ కంపెనీ లాకర్ పెట్టింది. తెల్లటి మెత్తని పేస్టు ఉంటే సీలెంట్. ఇవన్నీ ఫోన్లో ఫొటో తీసి, అట్ట మీద బోల్టు పక్కనే పెన్నుతో ఒక్క మాట రాసుకోండి: నీళ్ళు, ఆయిల్, మూత, లాకర్. బ్లాక్‌ని కడిగించి తెచ్చాక ఈ ఆనవాళ్ళేవీ మిగలవు.

అనుమానం ఉన్న రంధ్రంలోకి కొస వంచిన సన్నటి తీగ పోనిచ్చి చూడండి. అడుగు తగిలితే మూసి ఉంది. తీగ ఖాళీలోకి జారి అంచుకి కొక్కెంలా పడితే అది తెరిచిన రంధ్రం. 1955లో వచ్చిన షెవ్రొలే స్మాల్ బ్లాక్ వీ8 ఇందుకు పేరుమోసిన ఉదాహరణ. దాని హెడ్ బోల్టుల రంధ్రాలు వాటర్ జాకెట్‌లోకి తెరుచుకుంటాయి. చాలా కొత్త ఇంజిన్లలో హెడ్ బోల్టుల రంధ్రాలు మూసే ఉంటాయి. ఒక ఇంజిన్‌లో చూసింది ఇంకో ఇంజిన్‌కి పనికిరాదు.

2. శుభ్రం: థ్రెడ్డు ఎంత పొడిగా ఉంటే పని అంత మంచిది

బోల్టుని వైర్ బ్రష్‌తో గీకి, బ్రేక్ క్లీనర్‌తోనో అసిటోన్‌తోనో కడిగి, గుడ్డతో కాకుండా గాలికి ఆరనివ్వండి. గుడ్డ నూలు పోగులు థ్రెడ్లలో మిగిలిపోతాయి.

రంధ్రాల్లోకి కొత్త ట్యాప్ దించే అలవాటు చాలామందికి ఉంది. అది మానండి. ట్యాప్ లోహాన్ని కోస్తుంది, ప్రతిసారీ థ్రెడ్డు కాస్త పలచబడుతుంది. దీనికి థ్రెడ్ చేజర్ అనే పనిముట్టు వేరే ఉంది. అది కోయదు, మురికిని తోస్తూ వంగిన థ్రెడ్డుని సరిచేస్తుంది. మీ దగ్గర లేకపోతే అదే సైజు పాత బోల్టు ఒకటి తీసుకుని, హాక్సా బ్లేడుతో దాని థ్రెడ్ల మీద నిలువుగా మూడు గాళ్ళు కోయండి. అంచులు ఆకురాయితో నునుపు చేయండి. రెండు చుక్కలు నూనె వేసి చేత్తో దించితే మురికంతా ఆ గాళ్ళలోకి చేరుతుంది. చేత్తో తిరగకపోతే బలవంతం చేయకుండా బయటికి తీసి, తుడిచి మళ్ళీ దించండి.

తర్వాత గాలి కొట్టండి. కళ్ళద్దాలు పెట్టుకోకుండా మాత్రం వద్దు. మూసి ఉన్న రంధ్రంలో ఊదిన మురికి తిన్నగా మొహం మీదికే వస్తుంది.

మూసిన రంధ్రాల విషయంలో ఇంకో ప్రమాదం ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. అడుగున ఆయిలో కూలెంటో నిలిచి ఉండగా బోల్టు బిగిస్తే, ద్రవం నలగదు కాబట్టి ఆ ఒత్తిడంతా బ్లాక్ మీద పడుతుంది. పోత ఇనుప బ్లాక్‌నే చీల్చగల బలం అది. ఏ పగులూ రాకపోయినా, టార్క్ అంకె ఆ ద్రవాన్ని నొక్కడానికే ఖర్చవుతుంది, హెడ్ మీద పట్టు ఉండదు. ప్రతి రంధ్రంలోకీ చివరిసారి ఒక శుభ్రమైన పుల్ల దించి, పైకి తీసి, పొడిగా వచ్చిందో లేదో చూశాకే ముందుకెళ్ళండి.

థ్రెడ్డు పోయిన రంధ్రం కనిపిస్తే దాన్ని లాకర్‌తో నెట్టుకురావాలని చూడకండి. అల్యూమినియంలో అయితే హెలికాయిల్ లాంటి థ్రెడ్ ఇన్సర్ట్ (రంధ్రంలో కొత్త థ్రెడ్డుగా కూర్చునే తీగ చుట్ట) వేయించండి. సరిగ్గా వేస్తే అది అసలు థ్రెడ్డుకి తీసిపోదు.

3. థ్రెడ్ లాకర్ రాయాల్సినవి

1953లో అమెరికాలో ట్రినిటీ కాలేజీ రసాయనశాస్త్ర ప్రొఫెసర్ వెర్నాన్ క్రీబుల్ తయారుచేసిన జిగురు తర్వాత లాక్‌టైట్ పేరుతో అందరికీ తెలిసింది. ఇప్పుడు ఎన్నో కంపెనీలు ఇలాంటివి చేస్తున్నాయి. వీటి గుణం విచిత్రం. గాలి తగులుతున్నంత సేపూ ద్రవంగానే ఉంటాయి. గాలి అందని చోట, లోహం తగిలినప్పుడు గట్టిపడతాయి. సీసాని నిండా నింపకుండా సగం ఖాళీగా అమ్మేది అందుకే, లోపల గాలి ఉండాలి. సీసా మూతిని బోల్టుకి ఆనించవద్దు. లోహపు నలుసు లోపలికి వెళ్తే సీసాలోని సరుకే పాడవుతుంది.

రంగుల సంగతి. లాక్‌టైట్ లెక్కలో ఊదా రంగు తక్కువ పట్టు, 6 మి.మీ. కన్నా చిన్న స్క్రూలకి. నీలం మధ్యరకం, మామూలు పానాతో విప్పుకోవచ్చు. ఎరుపు గట్టిది, విప్పాలంటే దాదాపు 250 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేసి, వేడి మీదే తిప్పాలి. ఆకుపచ్చ బాగా పలచన, బిగించేసిన బోల్టు సందుల్లోకి కూడా దానంతట అది పాకుతుంది. వేరే కంపెనీల సీసాల మీద రంగులు ఇలాగే ఉంటాయన్న భరోసా లేదు, లేబుల్ చదవండి. ఇంజిన్ పనిలో నూటికి తొంభై చోట్ల నీలమే చాలు. ఎరుపు రాయమని మాన్యువల్ చెప్పిన చోట తప్ప రాయకండి. రేపు ఆ బోల్టు విప్పాల్సింది మీరే కావచ్చు.

సాధారణంగా లాకర్ అడిగే చోట్లు: ఆయిల్ పంప్ బోల్టులు, పికప్ పైపు బోల్టు, సంప్ లోపలి బాఫిల్ ప్లేటు స్క్రూలు, టైమింగ్ చైన్ గైడ్ల బోల్టులు, కామ్ థ్రస్ట్ ప్లేటు, కొన్ని ఇంజిన్లలో కామ్ స్ప్రాకెట్, ఫ్లైవీల్. వీటన్నిటికీ ఒక పోలిక ఉంది. పొట్టివి, లోపల ఉంటాయి, ఊడిపోతే కనబడవు. పికప్ పైపు బోల్టు కాస్త వదులైనా చాలు, పంపు ఆయిల్‌తో పాటు గాలి కూడా పీలుస్తుంది. ఆయిల్ ప్రెషర్ పడిపోయి బేరింగులు పోయేదాకా బయటికి ఏమీ తెలియదు.

రాయడానికి ఒక పద్ధతి ఉంది. ఆరపార రంధ్రమైతే, థ్రెడ్డు ఎక్కడ పట్టుకుంటుందో బోల్టు మీద ఆ భాగానికి రాయండి. మూసిన రంధ్రమైతే బోల్టుకి రాస్తే లాభం లేదు. బోల్టు దిగుతుంటే అడుగున చిక్కిన గాలి జిగురుని పైకి నెట్టేస్తుంది. అక్కడ రంధ్రం అడుగు థ్రెడ్ల మీద రెండు మూడు చుక్కలు వేయండి, బోల్టు దిగేకొద్దీ అదే పైకి పాకుతుంది. 6, 8 మి.మీ. బోల్టులకి రెండు మూడు చుక్కలకి మించి అక్కర్లేదు. పొంగి బయటికొచ్చిన జిగురు గాలి తగిలి ఆరదు, కారుతూ పోతుంది. అది బేరింగ్ వైపో, ఆయిల్ రంధ్రంలోకో వెళ్ళకుండా వెంటనే తుడిచేయండి.

రాశాక ఐదు నిమిషాల్లోపు టార్క్ పూర్తి చేయండి. పది ఇరవై నిమిషాలకి పట్టు మొదలవుతుంది, పూర్తిగా ఆరడానికి 24 గంటలు కావాలి. పట్టు మొదలయ్యాక ఇంకాస్త బిగిద్దామని తిప్పితే ఆ పట్టు విరిగిపోతుంది. అలా తిప్పేశారా, మొత్తం విప్పి కడిగి మళ్ళీ మొదలుపెట్టండి. స్టెయిన్‌లెస్ బోల్టుల మీద, జింక్ పూత బోల్టుల మీద జిగురు నెమ్మదిగా ఆరుతుంది. చలిలో ఇంకా నెమ్మది. యాక్టివేటర్ స్ప్రే వాడితే ఆ ఇబ్బంది తీరుతుంది. ప్లాస్టిక్ భాగాల దగ్గర మాత్రం జాగ్రత్త, కొన్ని రకాల ప్లాస్టిక్‌ని ఈ జిగురు సన్నగా పగలగొడుతుంది.

ఒక హెచ్చరిక. లాకర్ పట్టిన బోల్టుని వేడి చేసి విప్పే ముందు అక్కడ బ్రేక్ క్లీనర్ కొట్టకండి. క్లోరిన్ ఉన్న రకాలు వేడికి ఫాస్‌జీన్ అనే విషవాయువుగా మారతాయి. క్లోరిన్ లేని రకాలైతే మంటే అంటుకుంటుంది.

4. సీలెంట్ రాయాల్సినవి

అట్ట మీద నీళ్ళు, ఆయిల్ అని రాసుకున్న బోల్టులన్నీ ఇక్కడికి వస్తాయి. నీళ్ళలోకి వెళ్ళే హెడ్ బోల్టులు, వాటర్ పంప్ బోల్టుల్లో కొన్ని, టైమింగ్ కవర్ బోల్టుల్లో కొన్ని, ఆయిల్ గ్యాలరీ ప్లగ్గులు, ఆయిల్ ప్రెషర్ స్విచ్.

హెడ్ బోల్టులకి గట్టిపడని రకం, పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) కలిసిన తెల్ల పేస్టు మంచిది. థ్రెడ్ల చుట్టూ సందులు నిండేలా రాసి, కొసన మొదటి రెండు థ్రెడ్లు ఖాళీగా వదలండి. అక్కడ రాసింది ఎలాగూ కూలెంట్‌లోకి ఊడి రేడియేటర్‌కి చేరుతుంది. రంధ్రాల్లో కొన్ని నీళ్ళవి, కొన్ని మూసినవి కలిసి ఉంటే, నీళ్ళవాటికి సీలెంట్, మిగతావాటికి మాన్యువల్ చెప్పిన ఆయిల్. నా మొదటి ఇంజిన్ రెండోసారి ఇలాగే బిగించాను. తర్వాత ఆయిల్ శుభ్రంగానే ఉంది.

ఫ్లైవీల్ బోల్టుల మీద కాసేపు ఆగాలి. చాలా ఇంజిన్లలో క్రాంక్ చివర ఫ్లాంజ్‌లో ఈ రంధ్రాలు ఆరపార ఉండి క్రాంక్ కేసులోకి తెరుచుకుంటాయి. ఆ థ్రెడ్ల వెంట వచ్చిన ఆయిల్ ఫ్లైవీల్ తిరుగుడుకి చిమ్మి క్లచ్ ప్లేటుని తడుపుతుంది. గేర్‌బాక్స్ కింద ఆయిల్ చుక్కలు చూసి అందరూ వెనక సీల్‌నే అనుమానిస్తారు. గేర్‌బాక్స్ దించి సీల్ మార్చి ఎక్కించినా కారుతూనే ఉంటుంది, ఎందుకంటే ఆయిల్ వచ్చేది బోల్టుల నుంచి. ఇక్కడ థ్రెడ్ లాకర్ రెండు పనులూ చేస్తుంది. అది గట్టిపడి ఆ మెలికల సందుని పూర్తిగా నింపుతుంది కాబట్టి లాక్ అదే, సీల్ అదే. కొత్త బోల్టుల మీద కంపెనీ ముందే పూసిన రంగు పొర కనిపిస్తే మీరు ఇంకేమీ రాయనక్కర్లేదు. ఆ పొర ఒక్కసారికే పనిచేస్తుంది.

ఆయిల్ ప్రెషర్ స్విచ్‌కి తెల్ల టేపు చుట్టడం మానండి. రెండు కారణాలు. బిగించేటప్పుడు టేపు పీచులుగా తెగి ఆయిల్ దారిలోకి వెళ్తుంది. పైగా ఒంటి వైరు స్విచ్చులకి ఎర్త్ అందేది ఆ థ్రెడ్ల ద్వారానే. టేపు దట్టంగా చుడితే ఎర్త్ సరిగా అందక లైటు అబద్ధం చెప్పొచ్చు. మొదటి రెండు థ్రెడ్లు వదిలి లిక్విడ్ సీలెంట్ పలచగా రాస్తే చాలు. సూది గొట్టంలా సన్నబడే టేపర్ థ్రెడ్ అయితే బిగించేకొద్దీ పట్టేస్తుంది కాబట్టి చేయి అదుపులో పెట్టుకోండి, లేకపోతే కేసింగ్ చీలుతుంది.

సిలికాన్ గ్యాస్కెట్ మేకర్‌ని థ్రెడ్లకి పూయడం కూడా తరచూ చూస్తుంటాను. అది గాలిలోని తేమ తగిలితే ఆరే సరుకు, లాకర్‌కి పూర్తిగా వ్యతిరేకం. థ్రెడ్ల లోతున తేమ అందక రోజుల తరబడి పచ్చిగానే ఉంటుంది. సంప్ అంచుకి రాసినప్పుడు కూడా దారంలా సన్నగా రాయండి. లోపలికి పిండుకొచ్చిన ముక్కలు ఊడి పికప్ జాలీకి అడ్డం పడితే ఇంజిన్‌కి ఆయిల్ అందదు.

డ్రెయిన్ ప్లగ్‌కి కావాల్సింది కొత్త వాషర్. కొత్తది దొరకకపోతే, పాతది రాగి వాషర్ అయితే దాన్ని ఎర్రబడేలా కాల్చి చల్లార్చండి, మళ్ళీ మెత్తబడి నలుగుతుంది. అల్యూమినియం వాషర్‌కి ఇది పనికిరాదు, కరిగిపోతుంది.

5. ఆయిల్ తప్ప ఏమీ రాయకూడనివి

కనెక్టింగ్ రాడ్ బోల్టులు, మెయిన్ బేరింగ్ క్యాప్ బోల్టులు. భయం కొద్దీ వీటికి లాకర్ రాసేవాళ్ళున్నారు. వద్దు. ఇవి సాగుడు మీదే పట్టుకుంటాయి, ఆ సాగుడు సరిగ్గా రావాలంటే థ్రెడ్ల మధ్య రాపిడి కంపెనీ అనుకున్నంతే ఉండాలి. మాన్యువల్ ఇంజిన్ ఆయిల్ అంటే ఇంజిన్ ఆయిల్, బోల్టు తయారీదారు ఇచ్చిన గ్రీజు అంటే ఆ గ్రీజే. థ్రెడ్లకీ, తల అడుగుకీ రెండు చోట్లా రాయండి.

తల అడుగుని మరిచిపోయేవాళ్ళే ఎక్కువ. మీరు రెంచ్ మీద పెట్టే శ్రమలో సుమారు సగం తల కింద రాపిడికే పోతుంది. మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం థ్రెడ్ల రాపిడికి పోతుంది. బోల్టుని సాగదీయడానికి మిగిలేది పదో వంతు. అందుకే ఆయిల్ రాసి బిగించమన్న దాన్ని పొడిగా బిగిస్తే పట్టు చాలదు, పొడిగా బిగించమన్న దానికి ఆయిల్ రాసి అదే అంకెకి బిగిస్తే బోల్టు అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ సాగుతుంది.

యాంగిల్ టార్క్ బోల్టులు, అంటే ఒక అంకెకి బిగించి ఆపైన 90 డిగ్రీలు, మళ్ళీ 90 డిగ్రీలు తిప్పమనేవి, చాలావరకు ఒక్కసారికే. అవి తిరిగి పూర్వపు పొడుగుకి రావు. పాతదాన్ని కొత్తదాని పక్కన నిలబెట్టి చూస్తే కొన్నిసార్లు మెడ దగ్గర సన్నబడి కంటికే కనిపిస్తుంది. మార్చమని మాన్యువల్లో ఉంటే మార్చండి.

6. వేడి తగిలే చోట

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర మామూలు థ్రెడ్ లాకర్ నిలవదు. దాని హద్దు 150 డిగ్రీలు, కొన్ని రకాలకి 180. నైలాన్ రింగు ఉన్న నట్లు 120 డిగ్రీల దగ్గరే మెత్తబడతాయి. ఇక్కడ రాగి పూత ఉన్న నట్లు గానీ, పూర్తిగా లోహంతోనే చేసిన లాక్ నట్లు గానీ వాడండి. స్టడ్‌ని హెడ్‌లోకి చేత్తో దించండి, నట్టు వైపు థ్రెడ్లకి యాంటీ సీజ్ పేస్టు (వేడికి నట్టు పట్టేయకుండా చేసేది) పలచగా రాయండి. యాంటీ సీజ్ బాగా జారుతుంది కాబట్టి పొడి బోల్టు టార్క్ అంకెని దానికి వాడకండి. ఎగ్జాస్ట్ స్టడ్డు నీళ్ళలోకి తెరుచుకుంటే హెడ్ వైపు వేడి తట్టుకునే సీలెంట్ కావాలి.

7. రేకు తాళాలు, పిన్నులు

ట్యాబ్ వాషర్‌ని (అంచు రేకుని బోల్టు తల మీదికి మడిచి తాళంలా వేసేది) ఒకసారి వంచితే ఇక కొత్తదే వేయాలి. మడిచిన చోట రేకు పగులుతుంది. క్యాజిల్ నట్టుకి (పిన్ను కోసం పైన గాళ్ళున్న నట్టు) స్ప్లిట్ పిన్ రంధ్రం కలవకపోతే నట్టుని వెనక్కి తిప్పి కలపకండి. టార్క్ హద్దు లోపల ఉండేలా ముందుకే తిప్పండి, అప్పటికీ కలవకపోతే వాషర్ మార్చండి. లాక్ వైర్ వేస్తే తీగ ఎప్పుడూ బోల్టుని బిగించే దిక్కుకే లాగాలి.

8. బిగించే వరస

అన్ని బోల్టులూ ముందు చేత్తో కనీసం మూడు నాలుగు చుట్లు తిరగాలి. మొదటి చుట్టులోనే పట్టేస్తే థ్రెడ్డు అడ్డంగా ఎక్కింది, వెనక్కి తీయండి. హెడ్‌కి మాన్యువల్ వరస ఉంటుంది, సాధారణంగా మధ్య నుంచి బయటికి. ఒకేసారి చివరి అంకెకి కాకుండా రెండు మూడు విడతల్లో ఎక్కండి. రెంచ్‌ని కుదుపు లేకుండా ఒకే ఊపులో లాగి, టక్కుమనగానే ఆపండి. మళ్ళీ మళ్ళీ టక్కుమనిపిస్తే ప్రతిసారీ కాస్త ఎక్కువ బిగుస్తుంది. అల్యూమినియంలోకి వెళ్ళే 6 మి.మీ. కవర్ బోల్టులకి చాలాచోట్ల 8 నుంచి 10 న్యూటన్ మీటర్లే. పెద్ద రెంచ్ మీద అంత చిన్న అంకె నమ్మకంగా రాదు, చిన్న రెంచ్ వేరే పెట్టుకోండి.

బిగించిన ప్రతి బోల్టు తల మీద నుంచి పక్కన కేసింగ్ దాకా పెయింట్ మార్కర్‌తో ఒక గీత గీయండి. మధ్యలో ఎవరైనా పిలిచినా, మళ్ళీ వచ్చి కూర్చున్నప్పుడు ఏది అయిందో ఏది కాలేదో వెతుక్కునే టెన్షన్ ఉండదు. తర్వాత ఎప్పుడైనా ఆ గీత విరిగి కనిపిస్తే బోల్టు కదిలినట్టు.

9. స్టార్ట్ చేసే ముందు, చేశాక

లాకర్ రాసిన చివరి బోల్టు నుంచి 24 గంటలు ఆగండి. కూలెంట్, ఆయిల్ పోయడం ఆ తర్వాతే. కూలెంట్ నింపాక ఇంజిన్ తిప్పకుండానే రేడియేటర్ క్యాప్ దగ్గర ప్రెషర్ టెస్టర్ పెట్టి, క్యాప్ మీద రాసి ఉన్న ప్రెషర్‌కి పంపు కొట్టి పావుగంట వదలండి. ఈలోపు టాపెట్ కవర్ విప్పి ఉంచి, నీళ్ళలోకి వెళ్ళే ప్రతి బోల్టు తల చుట్టూ పొడి టిష్యూ కాగితం ఒత్తి చూడండి. కంటికి కనపడని తడి కూడా కాగితం మీద మరకగా తేలుతుంది. మరక వచ్చిన బోల్టుని అప్పుడే పట్టుకోవచ్చు. కూలెంట్ దించి, మాన్యువల్ ఒప్పుకుంటే ఆ ఒక్క బోల్టు విప్పి, కడిగి, సీలెంట్ రాసి బిగించండి. యాంగిల్ టార్క్ బోల్టయితే కొత్తది వేయండి.

తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు ఆన్ అయి ఆగేదాకా వేడెక్కనివ్వండి, పూర్తిగా చల్లారనివ్వండి. చల్లారాక టార్చ్ వేసి పెయింట్ గీతలన్నీ ఒక్కోటి చూడండి. మాన్యువల్ చెప్పకపోతే హెడ్ బోల్టుల్ని మళ్ళీ బిగించకండి, లాకర్ ఆరిన బోల్టుల మీద పానా అసలు పెట్టకండి. ఆయిల్ డిప్‌స్టిక్ తీసి తెల్ల కాగితం మీద ఒక చుక్క రాల్చండి. మరుసటి రోజు ఇంకో చుక్క, వారం తర్వాత ఇంకోటి. మూడూ ఒకే కాగితం మీద తారీఖు వేసి ఉంచండి, చుక్క రంగు ఏమాత్రం పాలిపోయినా పక్కపక్కన కనిపిస్తుంది.